నడిచి చూపించమన్నారు

కాలు దొరకలేదు.

మంచం కింద లేదు. తలుపు మూలన లేదు. నిన్న సాయంత్రం నూనె రాసి, పట్టీలు తుడిచి, గోడకు ఆనించి పెట్టిన కొయ్యకాలు తెల్లవారేసరికి మాయమైంది. గాబ్రియేలు నులకమంచం మీద కూర్చుని, ఎడమ మోకాలి కింద వేలాడుతున్న పంచె అంచును ముడి వేస్తూ, విప్పుతూ, ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"బస్సు వచ్చే పొద్దాయ," అన్నాడు. "ఇంగొగసారి అడుగుతాండా. నా కాలు యాడ?"

అతని తల్లి జీవమ్మ గడప పక్కన కూర్చుని చాటలో జొన్నలు చెరుగుతోంది. కంట్రోలు కొట్లో ఇచ్చిన జొన్నలవి. చెరిగేకొద్దీ రాళ్లే తేలుతున్నాయి. ఆమె తల ఎత్తలేదు.

"నీ కాలు నాకేం తెల్సు నాయనా. కుక్కలు ఈడ్సకపోయినాయేమో."

"కుక్కలు కొయ్యను తింటాయా?"

"కరువు కాలం. ఏం తింటాయో, ఏం తినవో."

పొయ్యి ముందు కూర్చున్న అతని భార్య ఏసుమణి అంబలిని ముంతలోకి వంచుతూ కాస్త తొణికించింది. ఆమెకు తెలుసు. కోడి కూసిన వేళ పెరట్లోకి వెళ్లినప్పుడు, పాతచీరలో ఏదో చుట్టి పట్టుకుని పత్తికట్టె వామి వైపు పోతున్న అత్తను ఆమె చూసింది. అత్త కూడా ఆమెను చూసింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. జీవమ్మ ఒట్టి అత్తగారు కాదు, ఏసుమణి తండ్రికి తోడబుట్టిన అక్క. తల్లి పోయాక పెంచి పెద్ద చేసిన చేయి అది. ఆ చేయి ఏం చేసినా చూడనట్లుండడం ఏసుమణికి చిన్ననాటి నుంచీ అలవాటు.

"కాలు లేకుంటే ఏమాయ?" జీవమ్మ చాట కింద పెట్టింది. "చంకకట్టెలుండాయి గదా. వాటితో పో. అదే మేలు."

"ఏం మేలు?"

"బాలస్వామికి ఏమాయనో మర్సినావా? ఉన్న రెండు వేళ్లతో తాడు పేనుతాంటే ఎవురో దొర చూసినాడు. నీ చెయ్యి బాగైందిలే పో అని పించను కోసేసినారు. నువ్వు ఆ కాలు తగిలిచ్చుకొని, బూటేసుకొని, పెండ్లికొడుకు మాదిరి నడిసిపోతే నిన్ను చూసి ఎవురైనా అయ్యో అంటారా?"

"అయ్యో అనిపిచ్చుకునేకి పోతాండానా నేను?"

"మరి దేనికి పోతాండావు?"

"పనికి." గాబ్రియేలు మంచం పట్టెను అరచేత్తో కొట్టాడు. "బెంగుళూరు కాడ మోటారు పని నేర్పుతారని కాగితంలో రాసినారు. నడిసేటోళ్లకే నేర్పుతారు. కట్టెల మీద ఊగులాడతా పోతే, పించను తీసుకొని ఇంట్లో పడుండు పో అంటారు. రెండేండ్ల నుంచి పడుండానా లేదా? ఈ గడపను చూసీ చూసీ..."

మిగతాది ఏసుమణికి తెలుసు. పొద్దున లేచి గడప దాకా వస్తాడు. వెనక్కి పోతాడు. మళ్లీ వస్తాడు. నందికొట్కూరు రోడ్డు మీద లారీ చప్పుడైతే పేటలోని పిల్లల కన్నా ముందు లేస్తాడు. యుద్ధంలో బర్మా సరిహద్దున రోడ్లు వేసే పటాలంలో ఉండగా లారీల కింద దూరి పనిచేయడం మరిగాడు. ఒక మందుపాతర అతనున్న లారీని, ఈ కాలును ఒకేసారి తీసుకుపోయింది. కాలు సంగతి ఎప్పుడో తప్ప ఎత్తడు. లారీ సంగతి రోజూ చెబుతాడు.

కర్నూలు నుంచి పిలుపు వచ్చి వారమైంది. దెబ్బతిన్న సిపాయిలను డాక్టర్ల బోర్డు మళ్లీ పరీక్ష చేస్తుందట. రానివాళ్లకు పించను నిలిచిపోతుందట. పేట గుళ్లో ప్రార్థనలు చేయించే ఉపదేశి ఆనందం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి వినిపించాడు. వినిపించిన నాటి నుంచి ఇంట్లో ముగ్గురూ ఎవరికి వాళ్లు నిద్ర లేకుండా ఉన్నారు. ముంగారు వానలు ఈ ఏడు కూడా మొహం చాటేశాయి. చేలో పని లేదు, కూలి లేదు. కుండలో ఉడికేదంతా ఆ పించనే.

"కాలు లేకుండా నేను పోను," అన్నాడు గాబ్రియేలు.

"పోకుంటే ఉన్న పించను కూడా పోతాది."

"పోనీ."

జీవమ్మ చాట మళ్లీ ఎత్తుకుంది. రాళ్లు ఏరసాగింది. గాబ్రియేలు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పక్కింట్లో ఎవరో దగ్గుతున్నారు. తల్లి లేవదు, కొడుకు లేవడు. బస్సు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

ఏసుమణి లేచింది. ముంత పక్కన పెట్టి, పెరట్లోకి వెళ్లి, పత్తికట్టె వామి అడుగున చేయి పెట్టి, ఆ మూటను లాగింది. పాతచీర విప్పి అక్కడే పడేసింది. కొయ్యకాలును రెండు చేతులా తెచ్చి మంచం మీద, అతని వీపు పక్కన పెట్టింది.

గాబ్రియేలు తిరిగి చూశాడు. కాలును చూశాడు. దానికి అంటుకున్న పత్తిపుల్లలను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

"నువ్వా?"

ఏసుమణి అత్త వైపు చూసింది. ఒక్క మాట చాలు. 'అది కాదురా, నేనే' అంటే చాలు. జీవమ్మ చాటలోంచి ఒక రాయి తీసి వాకిట్లోకి విసిరింది. ఇంకొక రాయి కోసం వెతికింది.

"నేను పోతే నీకు కష్టమయితాదని దాసినావా?" గాబ్రియేలు గొంతు తగ్గించాడు. అరిచినా బాగుండేది. "పరాయోళ్లంటే సరే. కట్టుకున్నది కూడా నన్ను కుంటోని మాదిరే చూడల్ననుకొంటే, నేను ఇంగెవురికి చెప్పుకోవల్ల?"

"కట్టుకో బావా," అంది ఏసుమణి. "బస్సు పోతాది."

* * *

బొగ్గు బస్సు ఎక్కినప్పటి నుంచి అతను ఆమెతో మాట్లాడలేదు. యుద్ధం అయిపోయి ఏడాదైనా పెట్రోలు ఇంకా దొరకడం లేదు. రోడ్డు ఎత్తెక్కే ప్రతి చడావు దగ్గరా బస్సు ఆగి, వెనక ఉన్న బొగ్గు పొయ్యిని కుళ్లగించుకుని, మళ్లీ మూలుగుతూ కదిలేది. ఆగినప్పుడల్లా గాబ్రియేలు కిటికీలోంచి మెడ చాచి ఆ పొయ్యిని, డ్రైవరు చేతులను చూసేవాడు. ఏసుమణి అంబలి ముంతను ఒళ్లో పెట్టుకుని అతని మెడను చూసేది.

తను ఎందుకు బయలుదేరిందో ఆమెకే సరిగ్గా తెలియదు. ముంత మోసేకి అని అత్తతో అంది. అత్త వద్దనలేదు. పొమ్మనీ అనలేదు. వాకిలి దాటేటప్పుడు కోడలి కొంగు పట్టుకుని ఒక్క క్షణం ఆపి, మళ్లీ వదిలేసింది.

కర్నూలులో బస్సు దిగి, బోర్డు కూర్చునే బంగళా దాకా నడవాలి. ఎండ అప్పుడే ముదిరింది. గాబ్రియేలు ముందు, ఆమె వెనక. మొండికాలు ఒరుసుకుంటున్నదని అతని భుజం ఎగిరే తీరులోనే తెలుస్తోంది. చేయి పట్టుకోబోతే విదిలించాడు.

బంగళా వసారాలో అప్పటికే చాలామంది కూర్చుని ఉన్నారు. చేయి లేనివాళ్లు, కాలు లేనివాళ్లు, కళ్లకు గుడ్డ కట్టుకున్న ఒకతను. పాత ఖాకీ చొక్కాలు, వాటికి లేని గుండీలు. ఒక స్తంభానికి ఆనుకుని వాళ్ల పేటవాడే బాలస్వామి ఉన్నాడు. కోసేసిన పించను గురించి మొరపెట్టుకోవడానికి తెల్లవారకముందే బయలుదేరి నడిచి వచ్చాడట. కుడిచేతికి మిగిలిన రెండు వేళ్లనూ తువాలులో దాచి పెట్టుకున్నాడు.

"కాలు ఏసుకొని వస్తివా గాబ్రియేలూ," అన్నాడు బాలస్వామి. "తప్పు జేస్తివప్పా. ఇంగ ఒగ పని జెయ్యి. లోపలికి పోయినాంక రెండడుగులేసి పడిపో. పడిపోతే ఏం రాసుకుంటారో రాసుకుంటారు."

"పడిపోయేకి రాలేదన్నా."

"ఎవురూ పడిపోయేకి రారు. నేనూ పోయిన తూరి ఈడికి తాడు పేనేకి రాలేదు. ఖాళీగా కూసోలేక పేనినా."

బాలస్వామిని లోపలికి పిలిచారు. అతను లేచి వెళ్లాక స్తంభం దగ్గర వాళ్లిద్దరే మిగిలారు. ఏసుమణి ముంత మూత తీసి అతని ముందు పెట్టింది. గాబ్రియేలు తాగలేదు.

"నువ్వు దాసలేదని నాకు తెల్సు," అన్నాడు, ముంతలోకి చూస్తూ.

ఏసుమణి అతని వైపు తిరిగింది.

"ఆ పాతచీర మా అమ్మది. పెరట్లో పడేస్తివి గదా, మంచం మీదికి అగుపడుతాన్నె."

"తెలిసీ నన్ను అన్ని మాటలంటివా?"

"అమ్మను అనేకి నోరు రాలే."

"నన్ను అనేకి వచ్చె."

ఏసుమణికి పొద్దున రాని కోపం ఇప్పుడు వచ్చింది. అక్కడి నుంచి లేచి బస్సు ఎక్కి వెళ్లిపోవాలనిపించింది. ఎక్కడికి వెళ్లాలో తోచక కూర్చుంది. ఆ ఇంట్లో అందరూ ఒకరి మీది కోపాన్ని తెచ్చి తన మీద దించుకుంటారు. తను దారి పక్కన బరువు దించుకునే రాయి అనుకుంటారు కాబోలు.

"మోటారు పని ఇస్తే," ముంతకు మూత పెడుతూ తనే అడిగింది, "నన్ను కూడా తీసకపోతావా?"

"అమ్మ?"

"నేనడిగింది అమ్మ గురించి కాదు."

లోపలి నుంచి బంట్రోతు అతని పేరు పిలిచాడు.

* * *

ఆమెను తలుపు దగ్గర నిలబడనిచ్చారు. లోపల పెద్ద బల్ల. దాని వెనక మిలిటరీ డాక్టర్లు ఇద్దరు, ఒక మూలన గుమాస్తా. పెద్ద డాక్టరు ఇంగ్లీషులో ఏదో అన్నాడు. గుమాస్తా తెలుగులో చెప్పాడు.

"నడిచి చూపించమంటున్నారు."

గాబ్రియేలు నడిచాడు. ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు. కూర్చుని లేవమన్నారు, లేచాడు. మెట్టు ఎక్కమన్నారు, ఎక్కాడు. అడిగిన దానికన్నా వేగంగా చేస్తున్నాడు. వెనక్కి తిరిగేటప్పుడు పటాలంలో తిరిగినట్లు మడమ తిప్పాడు. అతని దవడ బిగుసుకుని ఉండటం ఏసుమణి చూసింది. అయినా అతని కళ్లలో ఏదో వెలుగు కనబడింది. పెళ్లైన కొత్తలో, పటాలంలో చేరి మొదటి సెలవుకు వచ్చినప్పుడు చూసిన వెలుగు అది. ఇది పరీక్ష అని అతను మరిచిపోయాడు. చాలాకాలం తర్వాత పెద్దమనుషుల ముందు మగవాడిలా నిలబడ్డానన్న సంగతి ఒక్కటే అతనికి గుర్తుంది.

చివర్లో సలాము కొట్టాడు. పెద్ద డాక్టరు నవ్వి "శాబాష్" అన్నాడు. చిన్న డాక్టరు కొయ్యకాలును విప్పించి, మొండిని ఒత్తి చూసి, తల ఊపాడు. గుమాస్తా రాసుకున్నాడు.

"బాగా కుదురుకున్నావు," అన్నాడు గుమాస్తా. "అప్పుడు పుండు పచ్చిగా ఉండగా వేసిన లెక్క వేరు. ఇప్పుడు నీ వైకల్యం తగ్గించి రాశారు. పించను ఇకమీద సగానికి కాస్త ఎక్కువ వస్తుంది."

గాబ్రియేలు కాలు మళ్లీ తగిలించుకుని లేచి నిలబడ్డాడు.

"మోటారు పని, సార్," అన్నాడు. "బెంగుళూరులో. నడిసేటోళ్లకు నేర్పుతారని రాసినారు గదా. నడిస్తి గదా."

గుమాస్తా కాగితాలు తిప్పాడు. డాక్టరుతో మాట్లాడాడు.

"మోటారు తరగతికి ఎనిమిదో క్లాసు చదివి ఉండాలి. నువ్వు చదివింది మిషను బళ్లో మూడు. తోలు పనిలో ఖాళీ ఉంది. బూట్లు, సంచులు, గుర్రపు జీన్లు కుట్టడం. ఏడాది నేర్పుతారు. తిండి, బస వాళ్లే చూసుకుంటారు."

"తోలు పని నాకొద్దు సార్."

"ఎందుకొద్దు? మీవాళ్ల పనే కదా. మీకైతే త్వరగా చేతికి వస్తుంది."

ఆ మాటలో ఎగతాళి లేదు. ఆకలిగొన్నవాడికి అన్నం ఎక్కడ పెడతారో చెబుతున్నట్లు, మంచి మనసుతోనే చెప్పాడు.

తలుపు దగ్గర ఏసుమణికి మాత్రం తన మామ, గాబ్రియేలు తండ్రి ఏసన్న గుర్తొచ్చాడు. బాప్తిస్మం తీసుకున్న ఏడు ఆయన పేటలో అందరి ముందూ నిలబడి, ఇకమీద చచ్చిన గొడ్డును ఎత్తేది లేదు, తోలు ఊనేది లేదు అన్నాడు. తంగేడు చెక్క నీళ్లలో తోళ్లు నానేసే లందతొట్టిని గడ్డపారతో పగలగొట్టాడు. ఊళ్లోవాళ్లు ఆయనను కొట్టారు. కళ్లాల్లో ఇచ్చే మేర గింజలు ఆపేశారు. బావి దగ్గరికి రానివ్వలేదు. ఆ ఏడు జీవమ్మ కడుపులో ఉన్న బిడ్డ నిలవలేదు. అయినా ఆయన మాట మార్చుకోలేదు, జీవమ్మ మార్చుకోనివ్వలేదు. ఆయన పోయాక ఆమె రాళ్లు కొట్టింది, కంపలు నరికింది, కొడుకును బడికి పంపింది. తోలు ముట్టలేదు.

"యోచన చేసి చెప్తా సార్," అన్నాడు గాబ్రియేలు.

"రేపు బోర్డు ఇక్కడ ఉండదు. ఇప్పుడే చెప్పాలి. వద్దంటే నీ పేరు కొట్టేసి ఇంకొకరిని రాస్తారు."

గాబ్రియేలు తలుపు వైపు తిరిగాడు. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమెను సలహా అడుగుతున్నట్లు చూశాడు. ఏసుమణికి ఏమీ తోచలేదు. అత్త దాచిన కాలును వామి కింద నుంచి లాగిన చేతులు ఇవే. అత్త అన్నట్లే జరిగింది. పించనుకు కోత పడింది. ఇప్పుడు వద్దనమని చెప్పాలంటే, రేపు కుండలో ఏం వేయాలో కూడా తనే చెప్పాలి. ఆమె తల దించుకుంది.

కలం కాగితం మీద గీసుకున్న చప్పుడు వినబడింది. పటాలంలో నేర్పిన ఇంగ్లీషు అక్షరాలతో, ఒక్కొక్కటీ విడివిడిగా, గాబ్రియేలు సంతకం పెట్టాడు.

* * *

బస్సుల అడ్డకు పోయే దారిలో ఒక మోరీ గట్టు మీద కూర్చుని అతను కాలు విప్పాడు. మొండికి చుట్టిన గుడ్డ నెత్తుటితో తడిసి ఉంది. ఏసుమణి తన కొంగు చింపి తడి చేసి ఇచ్చింది. తనే కట్టుకున్నాడు.

"అమ్మకు మోటారు పని అని చెప్పు," అన్నాడు.

"నేనా?"

"నేను చెప్తే నా మొగం చూసి కనిపెడతాది. నువ్వు చెప్తే నమ్ముతాది."

"ఏడాది నేర్సుకొని వచ్చినాంక? బూట్లు కుడతాంటే మోటారు అంటాదా మీ అమ్మ?"

"అప్పటి మాట అప్పుడు. ముందు పోయేదానికి ఒప్పుకోనీ."

"పొద్దున మీ అమ్మ చేసింది నా నెత్తిన పెడితివి," అంది ఏసుమణి. "మునిమాపుకు నువ్వు చేసింది కూడా నా నెత్తినే పెడతావా?"

గాబ్రియేలు పట్టీలు బిగించుకున్నాడు. "తీసకపోతావా అంటివి గదా," అన్నాడు. "అడిగినా. నువ్వు వసారాలోకి పోయినాంక ఆ గుమాస్తాను అడిగినా. ఆడోళ్లను రానియ్యరంట."

అతను అడిగాడన్న సంగతే ఏసుమణి ఊహించనిది. కోపం తీరిందని చెప్పలేం గానీ, దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియకుండా పోయింది. తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

* * *

ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దు గుంకలేదు. జీవమ్మ రోడ్డు దాకా ఎదురొచ్చింది. మధ్యాహ్నం నుంచి ఆమె రోడ్డుకూ ఇంటికీ తిరుగుతూనే ఉందని పక్కింటి వాళ్లు చెప్పారు. కొర్రన్నం వండింది. ఎక్కడ సంపాదించిందో, వేరుశనగ గింజలు వేయించి ఊరిబిండి నూరింది. కొడుక్కు కాలు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, కోడలికి తనే పళ్లెం పెట్టింది. కోడలి ముఖంలోకి మాత్రం చూడలేదు.

గాబ్రియేలు కాలు విప్పి మంచం మీద పెట్టుకున్నాడు. తల్లి ఆ నెత్తురు గుడ్డను చూసింది.

"పించను?"

"తగ్గిచ్చినారు."

ఆమె తల ఊపింది. నేను చెప్పలేదా అనలేదు. "పోనీలే," అంది. "పని ఇచ్చినారా?"

"ఇచ్చినారు. బెంగుళూరుకు పోవల్ల. ఒగ ఏడాది."

"మోటారు పనేనా నాయనా?"

గాబ్రియేలు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. జీవమ్మ ముఖం విప్పారడం మొదలైంది. "మీ నాయన ఉంటే చూసేటోడు," అంది. "ఊళ్లో లక్ష్మన్న లాంటి పెద్దరైతుల చేలల్లో చాకిరి చేసినోని కొడుకు మోటారు తోలుతాడని పేటంతా చెప్పల్ల. ఆనందం ఉపదేశితో చెప్పి ఆదివారం గుళ్లో ప్రార్థన పెట్టిచ్చాల." ఆమె కోడలి వైపు తిరిగింది. పొద్దుటి నుంచి మొదటిసారి కళ్లలోకి చూసింది. "నిజమేనామ్మే ఏసుమణీ? నువ్వూ విన్యావా?"

గాబ్రియేలు పళ్లెంలోంచి కళ్లెత్తాడు.

ఏసుమణికి గుళ్లో పదిమంది ముందు కళ్లు మూసుకుని నిలబడిన అత్త కనిపించింది. ఏడాది తర్వాత ఆ పదిమంది నవ్వు కూడా వినిపించింది.

"మోటారు పని కాదత్తా," అంది. "తోలు పని."

గాబ్రియేలు పళ్లెం పక్కకు నెట్టాడు.

"అమ్మా, అది మన పని మాదిరి కాదు. మిషన్ల మీద బూట్లు కుట్టేది. గొడ్డును ఎత్తేది ఉండదు, లంద ఉండదు."

"బూటు యాడ్నుంచి వస్తాది?" అంది జీవమ్మ.

అతను మంచం మీది కొయ్యకాలును పక్కకు జరిపాడు.

"ఆ పని నేర్పేకి నా కొడుకును బెంగుళూరు తీసకపోవల్నా? ఏడాది పొద్దు?" ఆమె గొంతులో ఏడుపు లేదు. లెక్క వేసుకుంటున్నట్లు మాట్లాడింది. "నేను ఎడం చేత్తో నేర్పిందును. మా నాయన కాడ నేర్సుకున్న పని. మీ నాయన వద్దంటే ఇడిసిపెట్టినా గానీ, మర్సిపోలేదు." ఆమె లేచి నిలబడి కొంగు నడుముకు బిగించింది. "నువ్వు యాడికీ పోవద్దు."

"యాడికి పోతాండావమ్మా?"

"లక్ష్మన్న దొడ్లో ఎద్దు పడిందంట. మధ్యాన్నం చెప్పి పంపినారు."

కరువులో ఊళ్లో గొడ్లు వరసగా పోతున్నాయి. పోయినప్పుడల్లా ఊళ్లోవాళ్లు పేటకు కబురు పంపుతారు. ఏసన్న మాట ఇచ్చిన నాటి నుంచి పేటలో ఎవరూ వెళ్లరు. వాళ్లు పంపడం మానలేదు, వీళ్లు వెళ్లడం లేదు.

గాబ్రియేలు లేవబోయాడు. కాలు లేదని గుర్తొచ్చి మంచం పట్టె పట్టుకున్నాడు. "ఏసుమణీ, పో. పట్టుకో అమ్మను."

ఏసుమణి పరిగెత్తింది. పేట దాటి ఊళ్లోకి తిరిగే చోట అత్త చేయి అందింది. ఆమె నడక మాత్రం ఆగలేదు.

"అత్తా, కోపంలో పోవద్దు. మామ ఇచ్చిన మాట."

"మీ మామ మాట ఇచ్చినాడు. దాన్ని నిలబెట్టింది నేను. ఇన్నేండ్లూ రాళ్లు కొట్టి నిలబెట్టినా. బిడ్డను పోగొట్టుకొని నిలబెట్టినా. పొద్దున నా కొడుకును దొంగ మాదిరి కుంటోన్ని చేసి నిలుపుకోవల్నని చూస్తి. కుదరలే." జీవమ్మ ఊపిరి తీసుకుంది. "వాడు పోతాడు. వాని ఎనకాల ఏదో ఒగనాడు నువ్వూ పోతావు. నాకు ఎవురుండారు ఏసుమణీ?"

ఏసుమణి పోనని చెప్పడానికి నోరు తెరిచింది. మధ్యాహ్నం వసారాలో తను అడిగిన మాట అడ్డం వచ్చింది.

లక్ష్మన్న దొడ్డి వాకిట్లో నలుగురైదుగురు నిలబడి ముక్కులకు తువాళ్లు కట్టుకుని ఉన్నారు. ఎద్దు పొద్దుటి నుంచి ఎండలో అక్కడే ఉంది. పొట్ట ఉబ్బింది. లక్ష్మన్న అరుగు మీద నుంచి లేచి, నమ్మలేనట్లు ముందుకు వచ్చాడు.

"ఏం జీవమ్మా, నువ్వు వస్తివా?" అన్నాడు. "ఏసన్న పెండ్లామే? ఇన్నేండ్లకు?"

జీవమ్మ ఎద్దు చుట్టూ ఒకసారి నడిచింది. ఏసుమణి ఆమె వేళ్లను ఇంకా వదల్లేదు.

"కత్తి తెచ్చుకొన్యావా?" అని అడిగాడు లక్ష్మన్న.

"మా ఇంట్లో కత్తి లేదయ్యా," అంది జీవమ్మ, కోడలి చేతిలోంచి తన చేయి విడిపించుకుంటూ. "మీ ఇంట్లో ఉంటే ఇయ్యి."